పెర్సియస్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి? ఆరు వ్యంగ్య కవితల్లో ఏది ముందు, ఏ అనువాదంలో

రోమన్ వ్యంగ్య కవుల్లో స్టోయిక్ తత్త్వాన్ని, అంటే ఆవేశాలకు లొంగకుండా వివేకంతో బతకాలనే ప్రాచీన గ్రీకు తత్త్వాన్ని, మనసారా నమ్మి రాసినవాడు పెర్సియస్ అని ఎక్కడో చదివి, ఆ ఉత్సాహంతో ఆయన పుస్తకం తెరిచిన పాఠకుడు తరచుగా మొదటి కవిత సగంలోనే ఆగిపోతాడు. నేనూ మొదటిసారి అక్కడే ఆగిపోయాను. చాలాకాలం తరువాత మూడో కవిత నుంచి మొదలుపెడితే గాని ఆ పుస్తకం నాకు లొంగలేదు. నిజానికి అది చాలా చిన్న పుస్తకం. ముందుమాటగా 14 పాదాలు, ఆ తరువాత ఆరు కవితలు, ఆ ఆరూ కలిపి 650 పాదాలు మాత్రమే. మరో రోమన్ వ్యంగ్య కవి జువెనల్ రాసిన ఆరో సెటైర్ (వ్యంగ్య కవిత) ఒక్కటే దీనికంటే కాస్త పొడవుగా ఉంటుంది. ఇంత చిన్న పుస్తకం ఇంత మందిని గుమ్మంలోనే ఆపేయడానికి ప్రధాన కారణం, అచ్చులో ఉన్న వరుసలోనే దాన్ని చదవాలని మనం అనుకోవడం.

ఔలస్ పెర్సియస్ ఫ్లాకస్ క్రీ.శ. 34 డిసెంబరు 4న ఎట్రూరియాలోని వోలటెర్రే పట్టణంలో, అంటే నేటి వోల్టెర్రాలో, కలిగిన కుటుంబంలో పుట్టాడు. ఆరేళ్ల వయసులో తండ్రి పోయాడు. పన్నెండో ఏట చదువు కోసం రోముకు వచ్చి, పదహారో ఏట స్టోయిక్ గురువు కోర్నూటస్ దగ్గర చేరి, బతికినంత కాలం ఆయనను విడిచిపెట్టలేదు. బతికింది కూడా ఎక్కువ కాలం కాదు. క్రీ.శ. 62 నవంబరు 24న, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, కడుపు జబ్బుతో చనిపోయాడు. గురువుకు లక్ష సెస్టెర్స్‌ల (రోమన్ నాణేల) డబ్బునూ, స్టోయిక్ తత్త్వవేత్త క్రిసిప్పస్ రచనలున్న సుమారు 700 చుట్టల గ్రంథసంపదనూ ఇవ్వాలని కోరి వెళ్తే, కోర్నూటస్ పుస్తకాలు మాత్రం తీసుకుని డబ్బును కవి అక్కచెల్లెళ్లకే వదిలేశాడని ప్రాచీన జీవితచరిత్ర చెబుతోంది. కవి బతికుండగా పుస్తకం బయటికి రాలేదు. కోర్నూటస్ కాస్త సరిచూసిన తరువాత, మిత్రుడైన కవి సీజియస్ బాసస్ దాన్ని వెలువరించాడు.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

ఏ కవితతో మొదలుపెట్టాలన్నది తేల్చుకోవడానికి నాలుగు విషయాలు పనికొస్తాయి. మొదటిది, ఆ కవిత అర్థం కావడానికి నీరో కాలపు రోము గురించి ముందుగా ఎంత తెలిసి ఉండాలి అన్నది. రెండోది, మాట్లాడుతున్నది ఎవరో ఎంత స్పష్టంగా తెలుస్తుంది అన్నది. పెర్సియస్ కవితలు చాలా వరకు సంభాషణలే అయినా, ఎవరి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాతప్రతులు చెప్పవు, పరిష్కర్తలు తలా ఒక రకంగా విడగొడతారు. మూడోది, కవిత కళ్లకు కట్టే దృశ్యం మీద నడుస్తుందా, వాదం మీద నడుస్తుందా అన్నది. నాలుగోది, అందులో స్టోయిక్ బోధ ఎంత ఉంది, అది పాఠకుడికి నిజంగా కావాలా అన్నది.

వీటన్నిటికీ తోడు ఆయన భాషలోని చిక్కదనం ఉంది. అది ఆరు కవితల్లోనూ ఉన్నదే కాబట్టి ఎంపికకు ప్రమాణం కాదు గాని, ఎలా ఉంటుందో ఒక మచ్చు చూడడం మంచిది. అయిదో కవితలో గురువును ఉద్దేశించి, నువ్వు యువకులను సాగుచేసే రైతువు, శుభ్రం చేసిన వారి చెవుల్లో క్లీంథెస్ ధాన్యం నాటుతావు అంటాడు. క్లీంథెస్ స్టోయిక్ సంప్రదాయానికి రెండో పెద్ద. ఇక్కడ చెవి పొలమైంది, బోధ విత్తనమైంది, గులిమి తీయడమూ కలుపు తీయడమూ ఒకే మాటలో కలిసిపోయాయి. ఇదంతా రెండు పాదాల లోపే. ఒక ఉపమ అందేలోగా ఇంకొకటి వచ్చి మీద పడే ఈ పద్ధతి నచ్చనివారికి ఏ వరుసలో చదివినా పెర్సియస్ నచ్చడు. అటువంటివారు కింది భాగం చదివి వేరే కవి దగ్గరికి వెళ్లడం మేలు.

పెర్సియసా, హొరేసా, జువెనలా, సెనెకానా?

తేడా తెలియాలంటే ముగ్గురు కవులూ ఒకే విషయాన్ని ఎలా పట్టుకున్నారో చూడాలి. జ్ఞాని ఒక్కడే స్వతంత్రుడు, మిగిలినవాళ్లందరూ బానిసలే అన్నది స్టోయిక్కుల ప్రసిద్ధ సిద్ధాంతం. పెర్సియస్‌కు ముందుతరపు వ్యంగ్య కవి హొరేస్ తన రెండో సంపుటంలోని ఏడో సెటైర్‌లో ఈ మాటను తన బానిస డావస్ నోట పెట్టాడు. సాటర్నాలియా పండుగ నాడు బానిసలకు నోరు విప్పే సెలవు ఉంటుంది కనుక డావస్ యజమానిని ఆ వాదంతో ఉతికి ఆరేస్తాడు. అయితే ఆ తత్త్వం అతనికి ఎలా వచ్చిందంటే, క్రిస్పినస్ అనే తత్త్వవేత్త ఇంటి కాపలావాడు చెబితే విన్నాడట. సిద్ధాంతం నిజమే కావచ్చు, కాని అది గేటు దగ్గర కాపలావాడి నుంచి బానిసకు, బానిస నుంచి కవికి చేరింది. హొరేస్ నవ్వంతా అక్కడే ఉంది. పెర్సియస్ అయిదో కవితలో అదే సిద్ధాంతాన్ని మధ్యవర్తులెవరూ లేకుండా తన నోటితో, తన గురువు పేరు చెప్పి, నిజమని నమ్మి చెబుతాడు. నవ్వు అక్కడ కూడా ఉంటుంది గాని సిద్ధాంతం మీద కాదు, దాన్ని వినిపించుకోనివారి మీద.

జువెనల్‌తో పోల్చడానికి ప్రార్థనల విషయం తీసుకోవచ్చు. మనుషులు దేవుళ్లను కోరకూడనివి కోరుతారన్నది పెర్సియస్ రెండో కవితకూ, జువెనల్ పదో సెటైర్‌కూ ఉమ్మడి వస్తువు. పెర్సియస్ దాన్ని 75 పాదాల్లో ముగించాడు. జువెనల్ 366 పాదాలు తీసుకుని హానిబాల్‌నూ అలెగ్జాండర్‌నూ వరసగా నిలబెట్టి, అధికారం పోయి కూలిపోయిన రోమన్ అధికారి సెజానస్ విగ్రహాలు కొలిమిలో కరిగి వంటపాత్రలుగా మారడం చూపించి, పెద్ద గొంతుతో నడిపించాడు. సభలో నిలబడి వినడానికి జువెనల్ బాగుంటాడు. పెర్సియస్ గదిలో ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్లు ఉంటాడు, వినేవాడు తప్పించుకుపోవడానికి దారి ఉండదు.

కనుక నవ్వుతూ, తీరికగా, తనను తాను కూడా వదలకుండా మాట్లాడే కవి కావాలంటే హొరేస్. నగరం, గుంపు, ఆగ్రహం కావాలంటే జువెనల్. స్టోయిక్ తత్త్వమే అసలు అవసరమై, కవిత్వం ఉన్నా లేకపోయినా ఒకటే అనుకునేవారికి ఇద్దరూ అక్కర్లేదు, పెర్సియస్ కూడా అక్కర్లేదు. స్టోయిక్ తత్త్వవేత్త సెనెకా రాసిన 124 లేఖలు చాలు, అవి వివరంగా, ఓపికగా చెబుతాయి. పెర్సియస్ పాఠ్యపుస్తకం కాడు. ఆయన దగ్గర దొరికేది, నమ్మిన తత్త్వం ప్రకారం బతకలేని మనిషి ఎలా ఉంటాడో చూపించే చిత్రం. ఆ మనిషి అప్పుడప్పుడూ కవి తానే అన్న అనుమానం కూడా కలుగుతుంది.

ఏ అనువాదం?

ఇంగ్లీషు ద్వారా చదివే పాఠకుడి ముందు ప్రధానంగా నాలుగు దారులున్నాయి. 1693 నాటి డ్రైడెన్ అనువాదం అంత్యప్రాసల ద్విపదల్లో హాయిగా సాగుతుంది. అందులో పెర్సియస్ భాగమంతా డ్రైడెన్ స్వయంగా చేశాడు. కాని అది పెర్సియస్ ముడివేసిన చోటల్లా విప్పి, ఒక పాదాన్ని రెండు మూడు చేసి చెబుతుంది. కథ తెలుస్తుంది, చిక్కదనం పోతుంది. కోనింగ్టన్ వచనానువాదమూ వ్యాఖ్యా 1872లో వచ్చాయి. కొంచెం పాతకాలపు ఇంగ్లీషు అయినా, ఏ మాట ఎందుకు ఉందో ఓపికగా చెబుతుంది, కాపీరైటు లేనిది కనుక ఉచితంగా దొరుకుతుంది.

డబ్బు పెట్టి కొనేవారికి అసలు మీమాంస లోయెబ్, పెంగ్విన్ పుస్తకాల మధ్య వస్తుంది. లోయెబ్ సంపుటంలో ఎడమ పేజీలో లాటిన్, కుడి పేజీలో ఇంగ్లీషు వచనం ఉంటాయి. దానికి 1918లో రామ్సే చేసిన పాత అనువాదం ఒకటి, 2004లో సుసానా బ్రాండ్ చేసిన కొత్త అనువాదం ఒకటి ఉన్నాయి. కొనేటప్పుడు ఏ సంవత్సరపుదో చూసి తీసుకోవాలి. పెంగ్విన్ కోసం నీల్ రడ్ పద్యంలో చేసిన అనువాదం 1973లో వచ్చింది. ఇక్కడ ఒక చిన్న విషయాన్ని చాలామంది గమనించరు. లోయెబ్‌లో పెర్సియస్ పక్కన జువెనల్ ఉంటాడు, పెంగ్విన్‌లో పెర్సియస్ పక్కన హొరేస్ ఉంటాడు. పెర్సియస్ అడుగడుగునా హొరేస్ మాటలను తీసుకుని మెలితిప్పి వాడుకున్నవాడు కనుక, లాటిన్ రాని పాఠకుడికి నేను రడ్‌నే సూచిస్తాను. ఒక పుస్తకంలోనే మూలమూ మెలికా రెండూ కనిపిస్తాయి. లాటిన్ కొంచెమైనా వచ్చినవారికి మాత్రం బ్రాండ్ అనువాదం తప్ప వేరే మాట లేదు.

ఏ అనువాదమైనా అడుగున వివరణలు ఉన్నదే తీసుకోవాలి. 1605లో ఇజాక్ కాసోబాన్ పెర్సియస్‌కు రాసిన పెద్ద వ్యాఖ్య చూసి, చేపకంటే పులుసే బాగుందని ఆనాటి పండితుడు స్కాలిజర్ అన్నాడని చెబుతారు. పులుసు లేకుండా ఈ చేప గొంతు దిగదన్నది కూడా అంతే నిజం.

ఆరు కవితలు పక్కపక్కన

| కవిత | పాదాలు | విషయం | నడక | ముందుగా తెలియవలసినది |
|---|---|---|---|---|
| ఒకటి | 134 | చెడిన సాహిత్య అభిరుచి | వాదం, ఎత్తిపొడుపు | చాలా ఎక్కువ |
| రెండు | 75 | కపటపు ప్రార్థనలు | చిన్న చిన్న దృశ్యాలు | తక్కువ |
| మూడు | 118 | బద్ధకం, మనసు జబ్బు | నాటకంలా | తక్కువ |
| నాలుగు | 52 | తనను తాను తెలుసుకోవడం | సంభాషణ | కొంత |
| అయిదు | 191 | గురువు, నిజమైన స్వేచ్ఛ | ఆత్మీయమైన మాట, ఆపై బోధ | కొంత |
| ఆరు | 80 | సంపదను వాడుకోవడం | ఉత్తరం | కొంత |

మూడో కవిత: ఇక్కడే మొదలుపెట్టాలి

కిటికీ తలుపుల సందుల్లోంచి ఎండ గదిలోకి వచ్చేసింది. ఎండగడియారం నీడ అయిదో గీతను తాకుతోంది. రాత్రి తాగిన ఫలెర్నియన్ ద్రాక్షసారా అరిగేదాకా మన చదువరి గురకపెడుతున్నాడు. ఎవరో వచ్చి లేపితే, మనుషులు కావాలని గాడిదలా అరుస్తాడు. చివరికి పుస్తకమూ, తోలుపత్రమూ, కాగితమూ, రెల్లుకలమూ చేతిలోకి వస్తాయి. అప్పుడు సిరా మరీ చిక్కగా ఉందని ఫిర్యాదు. నీళ్లు కలిపితే మరీ పలచబడిపోయిందని, కలం నుంచి రెండేసి చుక్కలు కారుతున్నాయని ఇంకో ఫిర్యాదు. పరీక్షల ముందు బల్ల సర్దుకోవడంలోనే పూట గడిపిన ఎవరికైనా ఈ దృశ్యానికి వివరణ అక్కర్లేదు. నువ్వింకా తడి మట్టివి, ఇప్పుడే చక్రం మీద వేసి గబగబా తిప్పి మలచాలి అని లేపినవాడు హెచ్చరిస్తాడు.

ఇంతకంటే బలమైన దృశ్యం కవిత చివర ఉంది. ఒంట్లో నలతగా ఉందని ఒకడు వైద్యుడి దగ్గరికి వెళ్తాడు, విశ్రాంతి తీసుకోమంటాడు వైద్యుడు. మూడో రాత్రికి నాడి నెమ్మదించగానే రోగికి ధైర్యం వస్తుంది. స్నానానికి ముందు తాగడానికి సొరెంటో ద్రాక్షసారా తెప్పించమంటాడు. పాలిపోయావు, జాగ్రత్త అని మిత్రుడు అంటే, నువ్వు నాకంటే పాలిపోయావు, నాకు సంరక్షకుడివి కావద్దు, అసలు సంరక్షకుణ్ణి ఎప్పుడో పాతిపెట్టాను, ఇక నువ్వే మిగిలావు అంటాడు. సరే, నీ ఇష్టం, నేనేమీ మాట్లాడను అని మిత్రుడు ఊరుకుంటాడు. కడుపు నిండా తిని, ఉబ్బిన పొట్టతో, గొంతులోంచి గంధకపు వాసన వస్తుండగా అతను స్నానానికి వెళ్తాడు. తాగుతుండగానే వణుకు వచ్చి వెచ్చని పాత్ర చేతిలోంచి జారిపోతుంది, పళ్లు కటకటలాడతాయి, సగం నమిలిన ముక్కలు పెదాల మీది నుంచి కారిపోతాయి. ఆ తరువాతి మాట బూరలు, దీపాలు, గుమ్మం వైపు చాచిన బిగుసుకున్న పాదాలు. నిన్ననే స్వేచ్ఛ పొంది పౌరులైన బానిసలు టోపీలు పెట్టుకుని పాడె మోస్తారు.

నా నాడి బాగానే ఉంది, నాకేం జబ్బులేదు అని వినేవాడు అంటాడు. డబ్బు కనబడినప్పుడు, పక్కింటి అందగత్తె నవ్వినప్పుడు కూడా నీ గుండె సరిగానే కొట్టుకుంటుందా అని కవి అడుగుతాడు. ఆవేశాలు మనసుకు పట్టిన జబ్బులు అన్నది స్టోయిక్కుల మూలసూత్రం. దాన్ని ఒక్క పారిభాషిక పదం లేకుండా ఇంత దగ్గరగా చూపించిన చోటు రోమన్ కవిత్వంలో నాకు ఇంకొకటి గుర్తుకు రావడం లేదు. ఒక్క ఇబ్బంది మాత్రం చెప్పాలి. లేపుతున్నవాడు ఎవరు, నిద్రపోతున్నవాడు కవేనా అన్నదాని మీద పండితులకు పొత్తు కుదరలేదు. మొదటి చదువులో దాని జోలికి పోకుండా ముందుకు సాగడమే మంచిది.

అయిదో కవిత: తత్త్వం కోసం వచ్చినవారికి

స్టోయిక్ తత్త్వమే తమను ఇటు తెచ్చిందనుకునేవారు మూడు తరువాత నేరుగా అయిదుకు రావాలి. ఆరింటిలో ఇదే పొడవైనది, ఇదే గొప్పదని చాలామంది లెక్క. బాల్యపు ఊదా అంచు బట్ట విడిచి, మెడలోని రక్షరేకును ఇంటి దేవతలకు సమర్పించిన వయసులో, ఏ దారిన పోవాలో తెలియనప్పుడు కోర్నూటస్ తనను అక్కున చేర్చుకున్నాడని పెర్సియస్ చెప్పుకుంటాడు. పొడవైన పగళ్లు కలిసి గడపడం, పొద్దుపోయాక ఒకే బల్ల దగ్గర తినడం, ఇద్దరి జాతకాలనూ ఒకే నక్షత్రం కట్టిపడేసిందని అనుకోవడం, ఇవన్నీ చదివితే ఈ కవికి కరకుదనం తప్ప తెలియదన్న అభిప్రాయం మారిపోతుంది.

ఆ తరువాత స్వేచ్ఛ గురించిన వాదం వస్తుంది. డామా అనేవాడు మూడు కాసులకు కొరగాని గాడిదల కాపరి, దాణా దగ్గర కూడా అబద్ధమాడే రకం. న్యాయాధికారి ఎదుట యజమాని అతన్ని ఒక్కసారి గిర్రున తిప్పి వదిలితే, ఆ చుట్టు పూర్తయ్యేసరికి మార్కస్ డామా అయిపోతాడు. ఇక అతని హామీ చెల్లుతుంది, అతని సాక్ష్యం చెల్లుతుంది. రోమన్ చట్టం ఇచ్చిన ఈ స్వేచ్ఛ ఎంత తేలికదో చూపించి, లోపలి యజమానుల సంగతేమిటని కవి అడుగుతాడు. తెల్లవారకుండానే లోభం వచ్చి లేవమంటుంది, లేస్తే విలాసం వచ్చి ఎక్కడికీ పరుగు అంటుంది. కుక్క గట్టిగా లాగి గొలుసు తెంచుకుని పారిపోవచ్చు, కాని పారిపోతున్నప్పుడు కూడా పెద్ద ముక్క మెడకు వేలాడుతూనే ఉంటుందన్న ఉపమ ఈ కవితలోదే. ఇంత చెప్పాక ముగింపులో నరాలు ఉబ్బిన సైనికాధికారి ఒకడు పగలబడి నవ్వి, నూరుమంది గ్రీకు తత్త్వవేత్తలకు అరిగిపోయిన నూరు కాసుల ధర కడతాడు. తన బోధ బజారులో ఎంతకు పోతుందో పెర్సియస్‌కు తెలుసు. బోధ ఎక్కువైందని విసుక్కునే పాఠకుడు ఈ ముగింపు కోసమైనా చివరిదాకా చదవాలి.

రెండో కవిత: సమయం తక్కువ ఉన్నవారికి

ఒక్క కవిత మాత్రమే చదివి కవి ఎటువంటివాడో తెలుసుకోవాలనుకునేవారికి ఇది సరిపోతుంది. పైకి వినబడేలా మంచి బుద్ధి, మంచి పేరు ఇవ్వమని మొక్కేవాడు, నాలుక కింద మాత్రం పినతండ్రికి ఘనమైన అంత్యక్రియలు జరగాలని, పలుగు కింద వెండి నాణేల కుండ ఖంగుమనాలని కోరుకుంటాడు. ఈ కోరికలను పవిత్రం చేయడానికి పొద్దున్నే టైబర్ నదిలో రెండు మూడు సార్లు తల ముంచి వస్తాడు. చిత్తశుద్ధి లేని శివపూజ అన్న మాట మనకు వాడుకలోనే ఉంది కనుక తెలుగు పాఠకుడికి ఇక్కడ వివరణలతో పని తక్కువ. గుడిలో బంగారానికి ఏం పని అని అడిగి, నిండు మనసు తెస్తే పిడికెడు పిండితో పూజ చేస్తానని కవిత ముగుస్తుంది.

మొదటి కవిత: సాహిత్యం తెలిసినవారికి

రాసేవారు, విమర్శ చదివేవారు దీనితోనే మొదలుపెట్టినా తప్పు లేదు. తల దువ్వుకుని, కొత్త తెల్ల టోగా కట్టి, పుట్టినరోజు ఉంగరం పెట్టుకుని, ఎత్తైన కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని, మత్తు కళ్లతో కవిత్వం చదివే పెద్దమనిషి అన్ని కాలాల సాహిత్య సభల్లోనూ కనిపిస్తాడు. ఇదంతా ఎవరు చదువుతారు అంటే ఇద్దరో, అసలెవరూ లేరో అని జవాబు. కాని ఆ కాలపు కవిత్వపు పోకడలను ఎత్తిచూపే పాదాలు అనువాదంలో దాదాపు చచ్చిపోతాయి, సాధారణ పాఠకుడు ఆగేదీ అక్కడే. గాడిద చెవుల చోటు మాత్రం చూడదగినది. మైడాస్ రాజుకు గాడిద చెవులున్నాయి అని కవి రాస్తే, నీరో తననే అన్నాడనుకుంటాడని కోర్నూటస్ దాన్ని, గాడిద చెవులు ఎవరికి లేవు అని మార్చాడని జీవితచరిత్ర చెబుతుంది. మార్చాక వాక్యం ఇంకా బాగుందని నా అభిప్రాయం.

నాలుగు, ఆరు

నాలుగో కవిత చిన్నది కదా అని దానితో మొదలుపెట్టకూడదు. సోక్రటీస్ యువ ఆల్సిబయాడిస్‌ను నిలదీయడంతో అది ఆరంభమై, ఎవడూ తన లోపలికి దిగి చూసుకోడు, ముందు నడిచేవాడి వీపు మీది సంచినే (ఎదుటివాడి తప్పులనే) చూస్తాడు అన్న మంచి పాదాలు దాటాక, మొరటు బూతులోకి దిగుతుంది. తరగతిలో చెప్పేవారు ముందుగా ఒకసారి చదువుకుని వెళ్లడం మంచిది.

ఆరోది మాత్రం చివరనే చదవాలి. లిగూరియా తీరంలోని లూనాలో చలికాలం గడుపుతూ, సీజియస్ బాసస్‌కు రాసిన ఉత్తరం ఇది. ఉన్నదాన్ని అనుభవించాలా, వారసుడి కోసం దాచాలా అన్నది వాదం, వారసుణ్ణి పక్కకు పిలిచి మరీ బేరమాడతాడు. కవి దీన్ని పూర్తిచేయలేదని, చివరి పాదాలు కొన్ని కోర్నూటస్ తీసేసి ముగిసినట్లు చేశాడని అంటారు. ఇప్పుడు ఉన్న ముగింపులో ఒకడు ఆస్తి రెట్టింపు చేశానంటాడు, ఆపై మూడింతలు, నాలుగింతలు, పదింతలు, ఎక్కడ ఆగాలో గీత గీసి చూపించమంటాడు. గింజ మీద గింజ పేరుస్తూ పోతే ఏ గింజ దగ్గర అది కుప్ప అవుతుందన్న క్రిసిప్పస్ చిక్కుప్రశ్నను గుర్తుచేస్తూ, క్రిసిప్పస్, నీ కుప్పకు హద్దు చెప్పేవాడు దొరికాడు అన్న పాదంతో పుస్తకం ఆగిపోతుంది. ఆ మాట రాసినవాడి ఇంట్లో క్రిసిప్పస్ చుట్టలే సుమారు 700 పేర్చి ఉన్నాయి.